కీమో సైడ్ ఎఫెక్ట్స్ నుంచి కాపాడతాం అని అమ్మే హెర్బల్ కిట్: కొనేముందు ఇది చదవండి

రివ్యూ కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే. ఆన్‌లైన్‌లో "కీమో సపోర్ట్ కిట్" అని, "మొక్కల సారంతో కీమో సైడ్ ఎఫెక్ట్స్ నుంచి సంపూర్ణ రక్షణ" అని అమ్ముతున్నారు కదా, అలాంటిదొకటి మా ఇంటికి వచ్చింది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. ఇదే సరుకు ఇవే మాటలతో వేరే వేరే పేర్ల మీద చాలామంది అమ్ముతున్నారు, ఒకళ్ళ పేరు రాస్తే మిగతావాళ్ళవి మంచివేమో అనుకుంటారు. ఒక నెల కిట్ ధర 6,800 రూపాయలు. నా రేటింగ్ ఐదుకి ఒకటి, ఆ ఒకటి కూడా ఎందుకిచ్చానో కింద చెప్తాను.

మా అత్తయ్య గారికి రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక కీమో మొదలుపెట్టారు, ముందు డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ రెండూ కలిపి 21 రోజులకి ఒకసారి చొప్పున 4 సైకిల్స్, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ వారం వారం. రొమ్ము క్యాన్సర్‌కి చాలా చోట్ల ఇచ్చే కోర్సే ఇది, చదివేవాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది, నర్సమ్మ పెద్ద సిరంజిలో తీసుకొచ్చి పక్కనే కూర్చుని మెల్లగా ఎక్కిస్తుంది, నరం దాటి బయటికి లీకైతే చర్మం పుండు పడిపోతుందని చేతి వంకే చూస్తూ ఉంటుంది, ఒకటి రెండు రోజులు యూరిన్ కూడా ఎర్రగా వస్తుంది కంగారు పడొద్దని ముందే చెప్తుంది. మొదటి సైకిల్ తర్వాత అత్తయ్య వాంతులు, నీరసంతో బాగా డీలా పడిపోయారు, ఫోన్‌లో ఆ గొంతు విని బెంగళూరులో ఉన్న మా వదిన (మా ఆయన వాళ్ళ అక్క) తట్టుకోలేక ఈ కిట్ ఆర్డర్ పెట్టి పంపింది. తల్లి బాధ చూసి పంపింది, తనని నేనేమీ అనట్లేదు. ఆ బాధ మీదే ఇంత ధర పెట్టి అమ్ముతున్నారు చూడండి, నా కోపమంతా వాళ్ళ మీదే.

డెలివరీ, ప్యాకింగ్ వరకు వంక పెట్టడానికి లేదు. చెప్పిన రోజుకి వచ్చింది, గాజు సీసాలు ఒక్కటి కూడా పగల్లేదు, గులాబీ రిబ్బన్ బొమ్మ వేసిన అట్టపెట్టె. లోపల కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) క్యాప్సూల్స్ (95 శాతం అట, మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలిపి), తిప్పతీగ అశ్వగంధ కలిపిన క్యాప్సూల్స్, బొప్పాయి ఆకు సిరప్, గోధుమ గడ్డి పొడి, లివర్‌కి అని మిల్క్ తిసిల్ అనే మొక్క ట్యాబ్లెట్స్, చిన్న డబ్బాలో అల్లం బిళ్ళలు. వీటితో పాటు తెలుగులో అచ్చు వేసిన పాంప్లెట్, అందులో గుండె, కిడ్నీలు, లివర్, నరాలు, రక్త కణాలు అన్నిటినీ ఈ కిట్ కాపాడుతుందని, "శాస్త్రీయంగా నిరూపితం" అని ఉంది.

నాకున్న అలవాటు ఏంటంటే ఏ డబ్బా కొన్నా ముందు వెనక్కి తిప్పి చదువుతాను. ఆ కర్క్యుమిన్ సీసా వెనక అక్షరాలు ఎంత సన్నగా ఉన్నాయంటే ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే గానీ కనపడలేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకులకి ఇచ్చే) లైసెన్స్ నంబర్, దాని కింద "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని. అంటే ఇది మందు కాదు, మందులా వాడటానికి కాదు అని వాళ్ళే ఇంగ్లీషులో సీసా వెనక రాశారు, న్యూట్రాస్యూటికల్ (మందుగా కాకుండా ఆహారంగా అమ్మే పోషక సరుకు) కింద అమ్మే దేని మీదైనా ఆ మాట ఉండాలని రూల్. తెలుగు పాంప్లెట్‌లో మాత్రం అది ఎక్కడా లేదు. క్యాన్సర్ తగ్గిస్తాం అని ప్రకటన ఇస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది, ఆ చట్టంలో ఉన్న జబ్బుల లిస్టులో క్యాన్సర్ కూడా ఉంది, అందుకే వీళ్ళు క్యాన్సర్ తగ్గిస్తాం అనరు, కీమో నుంచి కాపాడతాం అంటారు. ఇది తెలివిగా ఎంచుకున్న మాట అనే నేను అనుకుంటున్నాను.

సరే, ఆ "శాస్త్రీయంగా నిరూపితం" సంగతి చూద్దాం. పాంప్లెట్‌లో ఇచ్చిన స్టడీల పేర్లు పట్టుకుని ఒక్కోటి వెతికి చదివాను, సైన్స్ డిగ్రీ చేసినదాన్ని కాబట్టి సారాంశం వరకు అర్థమవుతుంది. చాలావరకు ఎలుకల మీద చేసినవే. పద్ధతి కూడా దాదాపు ఒకటే, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకి కొన్నాళ్ళు మొక్క సారం తాగిస్తారు, ఆ తర్వాత పెద్ద డోసు డాక్సోరూబిసిన్ గానీ సిస్‌ప్లాటిన్ అనే ఇంకో కీమో మందు గానీ ఇస్తారు, తర్వాత రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సంగతి చెప్పేది), గుండె ఎంజైములు కొలుస్తారు, గుండె కిడ్నీ ముక్కలు మైక్రోస్కోప్ కింద చూస్తారు, సారం తాగిన ఎలుకలకి డ్యామేజీ తక్కువ ఉంటుంది. ఆ ప్రయోగాలు చేసినవాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనట్లేదు. కానీ ఆ ఎలుకలకి క్యాన్సర్ లేదండీ! గడ్డే లేని ఎలుకలో గుండె బాగుంది అని చూపించారు. గడ్డ ఉంటే, ఆ సారం గుండెతో పాటు గడ్డని కూడా కాపాడేదా? దీనికి ఆ స్టడీలో జవాబు ఉండదు, ఎందుకంటే వాళ్ళు ఆ ప్రశ్నే అడగలేదు. మా అత్తయ్య అంత బాధ పడేది ఎక్కడైనా కంటికి కనపడని కణాలు మిగిలి ఉంటే అవి చావాలని, అక్కడ ఆ కణాలకి కూడా కాపుగాసే వస్తువు ఆవిడ నోట్లో నేను ఎలా వేస్తాను.

ఇది నా సొంత అనుమానం కూడా కాదు. డాక్సోరూబిసిన్ నుంచి గుండెని కాపాడే అసలు మందు ఒకటుంది, డెక్స్‌రాజోక్సేన్. రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళ మీద చేసిన ఒక ట్రయల్‌లో అది తీసుకున్నవాళ్ళలో గడ్డ కరగడం కాస్త తక్కువ కనిపించింది, అందుకే మొదటి నుంచీ ఇవ్వొద్దు, డాక్సోరూబిసిన్ మొత్తం చదరపు మీటరుకి 300 మిల్లీగ్రాములు దాటినవాళ్ళకే అని కట్టుదిట్టం పెట్టారు. గుండెకి నిజంగా పనిచేస్తుందని రుజువైన మందుని కూడా గడ్డ సంగతేంటని నిలదీశారన్నమాట. మా అత్తయ్యకి సైకిల్‌కి 60 చొప్పున 4 సైకిల్స్ అంటే 240, ఆ మందే ఆవిడకి అక్కర్లేదు. ముందు ఎకో (గుండె స్కాన్) తీశారు, పంపింగ్ బాగుంది, మొత్తం డోసు హద్దులో ఉంది, గుండెకి అసలు రక్షణ అదే అని డాక్టర్ గారు చెప్పారు.

ఇంకో విషయం, ఎలుకకి ఇచ్చిన డోసు. కిలో బరువుకి 200 మిల్లీగ్రాముల సారం ఇచ్చారనుకోండి, మనిషికి లెక్కగట్టేటప్పుడు సుమారు 6.2 తో భాగిస్తారు, అంటే కిలోకి 32, అరవై కిలోల మనిషికి దగ్గర దగ్గర 2 గ్రాములు. ఈ కిట్‌లో తిప్పతీగ అశ్వగంధ క్యాప్సూల్‌కి ఉన్నది 250 మిల్లీగ్రాములు, రోజుకి రెండు. పైగా ఎలుకకి ఇచ్చిన సారం ఏ ద్రావకంతో తీశారో, ఈ సీసాలో ఉన్నది దేనితో తీశారో పొంతనే లేదు, ఆకు పేరు ఒకటైనంత మాత్రాన లోపల ఉన్న పదార్థం ఒకటి కాదు.

ఇప్పుడు పసుపు. మాది దుగ్గిరాల వైపు, పసుపు యార్డు చూస్తూ పెరిగాను, ఇంట్లో దెబ్బ తగిలినా జలుబు చేసినా ముందు చేతికొచ్చేది పసుపే, కాబట్టి పసుపు మీద నాకు చిన్నచూపు లేదు. కానీ కూరలో వేసే పసుపు వేరు, ఈ క్యాప్సూల్ వేరు. పసుపులో కర్క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతం, చెంచాడు పసుపు వేసినా వంద మిల్లీగ్రాములు ఉండదు, అందులోనూ ఒంటికి పట్టేది బహు తక్కువ. కర్క్యుమిన్ క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాములు, దానికి తోడు పైపెరిన్. పైపెరిన్ కలిపితే మనుషుల రక్తంలోకి వెళ్ళే కర్క్యుమిన్ 2000 శాతం పెరుగుతుందని 1998లో బెంగళూరులో చేసిన స్టడీ ఉంది, పాంప్లెట్‌లో దాన్ని గొప్పగా రాశారు. ఎందుకు పెరుగుతుందో మాత్రం రాయలేదు. బయటి పదార్థాలని విరగ్గొట్టి పంపించే లివర్, పేగు ఎంజైముల పనికి పైపెరిన్ అడ్డం పడుతుంది కాబట్టి. కీమో మందుల్లో చాలావాటిని విరగ్గొట్టేవి కూడా ఆ కుటుంబం ఎంజైములే. సైక్లోఫాస్ఫమైడ్ అయితే ఇంకా వేరు, అది సిరంజిలో ఉన్నప్పుడు పనిచేసే మందు కాదు, లివర్‌లోకి వెళ్ళి అక్కడి ఎంజైములు మారిస్తేనే పనిచేసే మందుగా తయారవుతుంది. ఆ దారిలో మనం ఏది పెట్టినా మందు ఎక్కువవుతుందో తక్కువవుతుందో ఇంట్లో కూర్చుని చెప్పలేం.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది 2002లో క్యాన్సర్ రీసెర్చ్ అనే జర్నల్‌లో వచ్చిన పేపర్. మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలతో గడ్డలు పెరిగేలా చేసిన ఎలుకలకి మేతలో కర్క్యుమిన్ కలిపి పెట్టి సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చారు. గడ్డ తగ్గడం తక్కువైంది. ఇదీ ఎలుకల స్టడీనే, దీన్ని బట్టి మనుషుల్లో ఖాయంగా ఇలాగే అవుతుందని నేను చెప్పను. కానీ ఈ ఎలుకలకి గడ్డ ఉంది, ఆ మందు మా అత్తయ్యకి ఎక్కిస్తున్న మందే. పాంప్లెట్‌లో అన్ని ఎలుకల స్టడీలు రాసినవాళ్ళు ఇదొక్కటి వదిలేశారు.

తిప్పతీగ గురించి కొంచెం జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే కరోనా టైంలో మనందరం కషాయం కాచుకున్నాం. 2021లో ముంబైలో తిప్పతీగ వాడిన 6 మందికి లివర్ దెబ్బతిన్నట్టు డాక్టర్లు రిపోర్ట్ చేశారు, ఆ తర్వాత దేశంలో 13 సెంటర్ల నుంచి 43 మంది కేసులు కలిపి ఇంకో పేపర్ వచ్చింది. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వేరే జాతి తీగ అయ్యుంటుంది అని కూడా అన్నారు. ఆ వాదన ఎవరిది కరెక్టో నేను తేల్చలేను గానీ నాకు కావలసింది వేరే. ప్రతి సైకిల్ ముందు సీబీపీ (రక్త కణాల లెక్క), ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) చేయిస్తారు, బిలిరుబిన్ పెరిగి ఉంటే డాక్సోరూబిసిన్ డోసు తగ్గించాలి, లేదా సైకిల్ వాయిదా వేయాలి. ఆ టైంలో లివర్ మీద అనుమానం ఉన్న ఇంకో వస్తువు వాడితే, పెరిగింది కీమో వల్లా ఈ తీగ వల్లా అని డాక్టర్ గారు ఎలా చెప్తారు? అశ్వగంధకైతే కీమో నీరసం మీద ఒక మాదిరి స్టడీ ఉంది, 100 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళు, వాడినవాళ్ళకి నీరసం తక్కువగా ఉందన్నారు, కానీ ఎవరికి ఏమిస్తున్నారో అందరికీ తెలిసి చేసిన స్టడీ అది. నీరసం లాంటిది మనిషి చెప్తేనే తెలిసేది కదా, మందు తీసుకుంటున్నాను అన్న ధైర్యానికే సగం తగ్గినట్టు ఉంటుంది. అశ్వగంధతో కూడా లివర్ కేసులు ఉన్నాయి.

బొప్పాయి ఆకు సిరప్ మన దగ్గర డెంగ్యూ వల్ల ఫేమస్ అయింది. ప్లేట్‌లెట్స్ కోసం. అత్తయ్యకి పడిపోయింది ప్లేట్‌లెట్స్ కాదు, తెల్ల కణాలు, ఈ కోర్సులో ఎక్కువమందికి ముందు పడేవి అవే. కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాం.

గోధుమ గడ్డికి ఇజ్రాయెల్‌లో 60 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళ మీద చేసిన చిన్న స్టడీ ఉంది, 2007లో వచ్చింది, రసం తాగినవాళ్ళకి కౌంట్స్ (రక్త కణాల లెక్క) పడిపోవడం తక్కువగా ఉందని. చిన్నదే అయినా మనుషుల మీద చేసింది కాబట్టి దీన్ని కొట్టిపారెయ్యను. కానీ కౌంట్స్ పడ్డ టైంలో (సైకిల్ అయ్యాక రెండో వారం అటూ ఇటూ) పచ్చివి, ఉడకనివి వద్దని హాస్పిటల్లో గట్టిగా చెప్పారు, ఈ పొడేమో చల్లనీళ్ళలో కలిపి పరగడుపున తాగమని ఉంది. గడ్డి ఎక్కడ పెంచారో, ఏ నీళ్ళు పోశారో, ఎలా ఎండబెట్టారో ఎవరికి తెలుసు. తెల్ల కణాలు లేని ఒంటికి అది చిన్న విషయం కాదు. ఇంక మిల్క్ తిసిల్, ఇది కిట్ మొత్తంలో కాస్త మర్యాదైన సరుకు. బ్లడ్ క్యాన్సర్ పిల్లలు 50 మంది మీద ఒక ట్రయల్ చేస్తే లివర్ ఎంజైములు కొంచెం తగ్గాయి, ఆ ట్రయల్‌లో కీమోకి అడ్డం పడినట్టు కనపడలేదు. కానీ అత్తయ్య ఎల్ఎఫ్‌టీ మామూలుగానే ఉంది, లేని సమస్యకి ట్యాబ్లెట్ ఎందుకు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, అది చెప్పాలి. "కీమోతో పాటు వాడొచ్చా అండీ" అంటే "వాడటానికే మేడం" అంది. ఏ కీమో, ఏ మందు, వేరే ఏం మందులు వాడుతున్నారు, షుగర్ ఉందా, అడగలేదు. నేనే మందుల పేర్లు చెప్పబోతే "ఏదైనా పర్లేదు మేడం, మొక్కలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అంది. కౌంట్స్ తగ్గాయండీ అంటే, "అయితే కీమోకి కొంచెం గ్యాప్ ఇచ్చి మా కిట్ కంటిన్యూ చేయండి, కౌంట్స్ వచ్చాక మళ్ళీ వెళ్ళండి" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. కీమో గ్యాప్ ఎంతో డాక్టర్ చెప్పాలి, సరుకు అమ్మేవాళ్ళు కాదు. కీమోలూ ఆపరేషన్లూ మొత్తానికే మానేసి ప్రత్యామ్నాయ వైద్యం మీదే ఉన్న 281 మందిని అమెరికాలో లెక్క తీస్తే, మామూలు ట్రీట్మెంట్ తీసుకున్నవాళ్ళతో పోలిస్తే చావు రిస్క్ రెండున్నర రెట్లు ఉంది, రొమ్ము క్యాన్సర్‌లో అయితే 5 రెట్లు దాటింది, 2018లో వచ్చిందిది. గ్యాప్ ఇవ్వడం, మానేయడం ఒకటి కాదు నిజమే, కానీ భయపడి ఉన్న పేషెంట్ చెవిలో ఇలాంటి మాట పడితే గ్యాప్ అనుకున్నది ఎక్కడికి పోతుందో చెప్పలేం.

డాక్టర్ గారి దగ్గరికి అన్ని సీసాల ఫోటోలు తీసుకెళ్ళాం, వెనక వైపువి. అత్తయ్యకి లోపల ఆశ ఉంది, కూతురు పంపింది కదా, ఆవిడే అడిగారు, "మొక్కలే కదండీ, ఏం చేస్తాయి?" అని. ఆయన విసుక్కోలేదు. "అమ్మా, మీకు తర్వాత ఇవ్వబోయే పాక్లిటాక్సెల్ కూడా చెట్టు బెరడులోంచి పుట్టిందే. మీ ఇంటి ముందు బిళ్ళగన్నేరు ఉందా? బ్లడ్ క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ అందులోదే. మొక్కలు చాలా చేస్తాయి, అందుకే అడక్కుండా వేసుకోవద్దు అంటున్నాను" అన్నారు. అత్తయ్య ఆశ్చర్యపోయారు, ఇంటికొచ్చాక కుండీలో ఉన్న బిళ్ళగన్నేరుని కాసేపు చూస్తూ నిలబడ్డారు కూడా. నాకూ ఆసక్తి పుట్టి చదివితే, 1950ల్లో కెనడాలో ఆ ఆకుల్ని షుగర్ జబ్బుకి పనికొస్తాయేమో అని ఎలుకల మీద చూశారట, షుగర్ తగ్గలేదు, తెల్ల కణాలు పడిపోయాయి, అక్కడి నుంచే ఆ మందులు పుట్టాయి. పాక్లిటాక్సెల్ అయితే అమెరికాలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు, 1962లో సేకరించారు, 1971లో అందులో ఏముందో తేల్చారు, మందుగా పర్మిషన్ వచ్చింది 1992లో. ముప్పై ఏళ్ళు. ఒక మొక్కని నమ్మి మనిషి ఒంట్లోకి పంపడానికి అంత కాలం పరీక్షలు చేశారు.

మొక్క మందుని చెడగొట్టడం కూడా ఊహ కాదు. సెయింట్ జాన్స్ వోర్ట్ అని విదేశాల్లో దిగులుకి వాడే మూలిక ఉంది, అది వాడుతూ ఇరినోటెకాన్ అనే కీమో తీసుకున్నవాళ్ళ రక్తంలో ఆ మందు పనిచేసే రూపం 42 శాతం తగ్గిపోయింది. మల్టిపుల్ మైలోమా అనే ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే బోర్టెజోమిబ్‌ని గ్రీన్ టీ సారంలో ఉండే పదార్థం పట్టేసుకుని పనిచెయ్యనివ్వదని 2009లో ల్యాబ్‌లో చూశారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు సూపర్ మార్కెట్లో అందుబాటులో ఉన్నాయని ఇవి తెచ్చుకుంటుంటారు, దయచేసి చూసుకోండి.

ఇప్పుడు ఆ ఒక్క స్టార్. అల్లం బిళ్ళలు. అల్లం మీద అమెరికాలో మంచి ట్రయల్ ఉంది, 576 మంది లెక్కకొచ్చారు, రోజుకి అర గ్రాము నుంచి ఒక గ్రాము అల్లం ఇస్తే కీమో రోజు వికారం తగ్గింది, అదీ మామూలు వాంతుల మందులతో పాటు ఇస్తే, వాటికి బదులు కాదు. తర్వాత వచ్చిన స్టడీల్లో కొన్ని ఔనన్నాయి కొన్ని కాదన్నాయి. డాక్టర్ గారు వాటికి సరే అన్నారు. అత్తయ్యకి నోరు ఇనుము రుచి వచ్చేసి ఏదీ సయించని రోజుల్లో అల్లం బిళ్ళ ఒకటి చప్పరిస్తే రెండు ముద్దలు పెరుగన్నం దిగేది. బిళ్ళలు బాగున్నాయి, ఘాటు సరిగ్గా ఉంది, తీపి ఎక్కువ లేదు, కాకపోతే నోటి పూత వచ్చినప్పుడు మండుతాయి, అప్పుడు ఆపేయాలి. వీటికి 6,800 పెట్టక్కర్లేదు, కిరాణా కొట్లో అల్లం మురబ్బా దొరుకుతుంది, షుగర్ ఉన్నవాళ్ళయితే అల్లం వేసి కాచిన మజ్జిగ చారు.

మరి మా ఇంట్లో నిజంగా కాపాడినవి ఏంటి అంటే, రెండో సైకిల్ నుంచి వాంతుల మందులు మార్చారు, అప్రెపిటాంట్, రాత్రిపూట చిన్న డోసు ఓలాంజపిన్ చేర్చారు, తేడా చాలా కనిపించింది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, మొదటి సైకిల్లో వాంతులు ఎక్కువైతే ఓర్చుకుని ఊరుకోకండి, డాక్టర్‌కి చెప్పండి, ఇంకా మందులు ఉన్నాయి. కీమో మర్నాడు పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్, తెల్ల కణాలకి, ఒళ్ళు నొప్పులు వచ్చినా పనిచేసింది. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయాన్ని ఒరుస్తుంది కాబట్టి నీళ్ళు బాగా తాగించడం. ఉప్పు, వంట సోడా వేసిన నీళ్ళతో పుక్కిలించడం. ఒక డిజిటల్ థర్మామీటర్, 100.4 దాటితే అర్ధరాత్రయినా సరే హాస్పిటల్‌కి ఫోన్, ఇంట్లో పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవడం లేదు.

పాక్లిటాక్సెల్ మొదలయ్యాక కంపెనీ నుంచి వాళ్ళే ఫోన్ చేశారు, అరికాళ్ళు తిమ్మిర్లు వస్తున్నాయా మేడం, నరాలకి కొత్త క్యాప్సూల్ వచ్చింది అని. నిజంగానే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నారు అత్తయ్య. అందులో ఏముంది అని అడిగితే వాట్సాప్‌లో లేబుల్ పంపారు, ఏవో మూలికలు, వాటితో పాటు ఎసిటైల్ ఎల్ కార్నిటిన్. ఇది మొక్క కూడా కాదు. ఇదే జాతి కీమో తీసుకుంటున్న 409 మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళకి తిమ్మిర్లు రాకుండా ఉంటాయేమో అని దీన్నిచ్చి చూశారు, 2013లో వచ్చింది, 24 వారాలకి వాడనివాళ్ళకన్నా వాడినవాళ్ళకే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. కాపాడుతుందనుకుని పరీక్షిస్తే హాని అని తేలిన వస్తువు, కాపాడుతుందని చెప్పి ఇన్నేళ్ళ తర్వాత కూడా అమ్ముతున్నారు! మేము తిమ్మిర్ల సంగతి డాక్టర్ గారికి చెప్తే డోసు తగ్గించారు, కీమో ఎక్కేటప్పుడు చేతులకి చల్లని గ్లౌజులు వేయించారు, ఇప్పుడు హుక్కులు పెట్టుకుంటున్నారు, పూర్తిగా పోలేదు గానీ నయం.

వాళ్ళ సైట్‌లో లక్ష్మణ ఫలం ఆకు పొడి కూడా ఉంది, కీమో కన్నా పది వేల రెట్లు పవర్‌ఫుల్ అని వాట్సాప్‌లో తిరిగే ఆ మాటతోనే. ఆ లెక్క ల్యాబ్‌లో గిన్నెలో పెంచిన కణాల మీద ఒక పదార్థం గురించి, మనుషుల మీద కాదు. ఆ పండు, ఆకు టీ అలవాటుగా వాడే గ్వాడెలోప్ దీవిలో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బు ఎక్కువగా ఉండటం చూసి, అందులోని అనోనాసిన్ అనే పదార్థాన్ని అనుమానిస్తున్నారు. కీమోతో ముందే నరాలు దెబ్బతిన్నవాళ్ళు దాని జోలికి పోవద్దు.

రిటర్న్ సంగతి. సీల్ తియ్యని సీసాలన్నీ వెనక్కి ఇస్తామన్నాం. పెట్టె తెరిచారు కాబట్టి కుదరదు, కావాలంటే తర్వాతి ఆర్డర్‌కి కూపన్ ఇస్తాం అన్నారు. కూపన్ వద్దని చెప్పి మెయిల్ పెట్టాం, జవాబు లేదు. వదినకి ముందు కష్టంగా అనిపించింది, "నేను అమ్మకి విషం పంపుతానా" అంది, నేను ఆ 2002 స్టడీ, డాక్టర్ గారు చెప్పింది అంతా వివరంగా చెప్పాక, "సరే నువ్వు దగ్గరున్నావు, నువ్వే చూసుకో, ఇంకేం పంపమంటావు" అంది. మెత్తటి కాటన్ టోపీలు పంపమన్నాను, రెండు రకాలు పంపింది, అత్తయ్య వాటినే పెట్టుకుంటున్నారు.

ఇప్పటికే ఇలాంటివి వాడుతున్నవాళ్ళు డాక్టర్ తిడతారని దాచిపెట్టకండి. మందులు, ఆకులు, పొడులు, కషాయాలు అన్నీ ఒక కాగితం మీద రోజుకి ఎంత వేసుకుంటున్నారో సహా రాసి చూపించండి, ఆపరేషన్ ముందైతే మరీనూ, పసుపు, వెల్లుల్లి, జింకో అనే చెట్టు ఆకుల సారం లాంటివి ఎక్కువ డోసులో రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించొచ్చు కాబట్టి మత్తు డాక్టర్‌కి తెలియాలి. ఫోటో తీస్తే సీసా వెనక వైపు తీయండి, పైపెరిన్, కార్నిటిన్ లాంటి పేర్లు ఉండేది అక్కడే.